ఒకటిన్నరకి కప్పు కదిలింది

ఈ ఆటలో చప్పుడుండదు.
కొత్తగా వచ్చినవాళ్లు స్పీకర్లు పాడయ్యాయనుకుంటారు.
గాలి లేనిచోట ఏది పేలినా
తెల్లగా విచ్చుకుని ఊరుకుంటుంది.

బ్రేకులూ ఉండవు.
ఎంత ఇంధనం తగలేసి ఈ వేగం తెచ్చుకున్నానో
ఆగాలంటే అంతా మళ్లీ తగలెయ్యాలి.
కాలు జారితే తీసుకోవచ్చంటారు గానీ
ఇక్కడ జారిన కాలు
ఎవరో ఒకరు ఆపేదాకా జారుతూనే ఉంటుంది.
ఆపడానికి ఎవరూ ఉండరు.

కిరునాలో డిసెంబరు.
సూర్యుడు మొహం చూపించి తొమ్మిది రోజులు.
పగలంతా గని కంట్రోల్ రూములో కూర్చుని
కిలోమీటరు లోతున, మనిషి లేని సొరంగంలో
ఇనుపరాయి ఎత్తే బండిని జాయ్‌స్టిక్‌తో నడుపుతాను.
రాత్రి ఇంటికొచ్చి మళ్లీ జాయ్‌స్టిక్.
"జీతమిచ్చేది ఒకటి, జీతం తినేది ఒకటి,
రెంటికీ తేడా ఏముందే ఇంకేరీ?" అంటుంది మా అక్క హిల్కా.
తేడా ఉంది. గనిలో నన్నెవరూ వెతకరు.

నా ఓడకి చచ్చిపోయిన మా కుక్క పేరు పెట్టాను, పిక్కు.
అవతలివాడి పేరు ఉప్పుచేప.
వాడో, ఆమో. మూడు రాత్రులుగా
ఒక గోధుమరంగు చందమామ వెనక నక్కి ఉంది.
నేను ఇంజిను ఆర్పేసి, దీపాలార్పేసి,
రాయిలా పడి తేలుతున్నాను.
ఈ యుద్ధంలో ముప్పాతిక వంతు ఇదే పని,
పప్పు ఉడికేదాకా పొయ్యి దగ్గర కూచున్నట్టు.

నాలుగో రాత్రి చేప రెక్కలు విప్పింది.
అవి రెక్కలు కావు, వేడి వదిలే పలకలు.
ఓడైనా మనిషైనా
లోపలి వేడిని ఎక్కడో ఒకచోట వదలాలి కదా.
నా తెరమీద ఎర్రటి ఆవగింజ.

పన్నెండూ యాభైఒకటికి క్షిపణి వదిలాను.
చేరడానికి నలభైనాలుగు నిమిషాలు.
వెనక్కి రమ్మనే బటన్ లేదు.
ఆట తయారుచేసినవాళ్లు ఆ విషయంలో నిజాయితీపరులు.
లేచి కాఫీ కాచుకున్నాను,
మావాళ్ల పద్ధతిలో చీజు ముక్కలు వేసి.
అవి కరగవు, మెత్తబడి పళ్లకింద కీచుమంటాయి.
గిన్నెలు కడిగాను. హిల్కాకి ఫోన్ చేద్దామనుకుని మానేశాను.

ఒకటిన్నరకి రోజూలాగే
మా కాళ్లకింద గని పేలింది.
కిటికీ అద్దాలు గణగణమన్నాయి,
కప్పు బల్ల అంచుకి వేలెడంత జరిగింది.
నాలుగు రాత్రుల యుద్ధంలో అదే మొదటి చప్పుడు.

తెర కింద ఒక వరస మెరిసింది.
ఉప్పుచేప:
"ఆగు, కాఫీ ఒలికింది.
మా ఊళ్లో రాత్రిళ్లు నేల కదులుతుంది."

చాలాసేపు చదివాను ఆ రెండు వరసలూ.
చాలాసేపంటే ఎంత, అర నిమిషం.
మా మధ్య నలభై వేల కిలోమీటర్లు, లెక్క ప్రకారం.
లేచి కిటికీ దగ్గరికెళ్లాను.
నీలంగా వెలిగే కిటికీలు నాలుగున్నాయి.
క్లినిక్‌లో రక్తం తీసే బోడిల్?
బస్సు నడిపే స్తూరె వాళ్ల మూడోవాడు?
ఎవరైతేనేం, మైనస్ ఇరవై ఏడులో
నాలాగే నిద్రపోని మనిషి.

పరిగెత్తుకొచ్చి కొట్టాను:
"పలకలు ముయ్యి. కుడికి తోసుకో. ఇప్పుడే."
నా ఆయుధం గురించి నేనే చాడీ చెప్పాను,
పదకొండేళ్లలో మొదటిసారి.

జవాబు నింపాదిగా వచ్చింది.
"చూశాను, పన్నెండూ యాభైఒకటికే.
ఇంధనం నిన్ననే అయిపోయింది.
బాగా కొట్టావు.
మీదే వీధి?"

మా వీధి పేరు చెబుదామంటే
అది పాత ఊళ్లో ఉండేది.
గని తవ్వకం కిందికి వస్తుందని
మా ఇంటిని లారీమీద ఎత్తి ఇక్కడ దించారు.
గోడ గడియారం కూడా తియ్యలేదు.
కొత్త వీధి పేరు నాకింకా నోరు తిరగదు.

అది టైపు చేస్తూ ఉండగానే
ఆవగింజ తెల్లగా విచ్చుకుంది.
ఏ చప్పుడూ లేదు.

ఎదురింటి రెండో అంతస్తులో లైటు పడింది.
ఎవరో వంగి బల్ల తుడుస్తున్నారు,
లేదా పిల్లికి గిన్నె పెడుతున్నారు,
మంచు అడ్డం, సరిగా కనపడదు.

బూట్లు ఎక్కడ విడిచానో.